శిక్షకుని ఎన్నిక: ఎన్నుకొనువారికే పరీక్ష

తాము అభిమానించు ఫుట్‌బాల్ జట్టు ఓడిపోయిన సాయంకాలము ఇరానీ హోటలులో చాయ్ ముందు కూర్చున్నవారి నోట మొట్టమొదట వెలువడు మాట ఒక్కటే: "కోచ్‌ను మార్చవలె." వెంటనే రెండవ మాట, ఎవరిని తేవలెనని. ఒకరు ఒక పేరు చెప్పుదురు, మరొకరు దానిని కొట్టివేసి ఇంకొక పేరు చెప్పుదురు. చాయ్ చల్లారులోపల పది పేర్లు బల్ల మీదికి వచ్చును. అయితే "ఆ క్లబ్బునకు నేడు కావలసినదేమి?" అని అడుగువాడు మాత్రము ఆ బల్ల చుట్టు ఒక్కడును కనుపింపడు. మేమును ఆ బల్ల చుట్టు కూర్చుండి పేర్లు చెప్పినవారమే. కనుక ఇతరులను తప్పుపట్టుటకు ముందు మమ్ము మేమే తప్పుపట్టుకొని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

వృత్తి ఫుట్‌బాల్ క్లబ్బులో ప్రధాన శిక్షకుని స్థానము విచిత్రమైనది. మైదానములో బంతిని తన్నువాడు అతడు కాడు. ధనము వెచ్చించువాడును అతడు కాడు. అయినను గెలిచిన నాడు దండలలో సగము, ఓడిన నాడు నిందలన్నియు అతని మెడలోనే పడును. ఆటగాండ్రు పాతికమందిని ఒకేసారి తొలగించుట అసాధ్యము. యజమానిని తొలగించువాడు లేడు. కనుక శిక్షకుని తొలగింతురు. అతనిని ఎన్నుకొన్నవారు మాత్రము అదే గదిలో, అదే కుర్చీలలో కూర్చుండి మరియొకనిని ఎన్నుకొనుటకు పూనుకొందురు. మొదటి ఎన్నికలో తాము చేసిన పొరపాటేమియో విచారింపకయే రెండవ ఎన్నిక చేయుదురు. శిక్షకుని ఎన్నిక శిక్షకునికి గాక, ఎన్నుకొనువారికి పరీక్ష అనునదే మా అభిప్రాయము. పదవి ఏమియో, దాని పని ఏమియో ముందు తేల్చుకొని, ఆ తరువాతనే మనిషిని వెదకవలెను. ఈ వరుస తప్పిన చోట ఎంత సమర్థుడు వచ్చినను నిలువలేడు.

ఈ విషయము పుస్తక జ్ఞానముతో చెప్పుటలేదు. ఫుట్‌బాల్ చరిత్రలో ఇందుకు దృష్టాంతములు కోకొల్లలు. వానిలో మిక్కిలి స్పష్టమైనది 1974వ సంవత్సరపు వేసవి.

ఆ వేసవిలో ఇంగ్లండులోని రెండు గొప్ప క్లబ్బులు ఒకే సమయమున తమ పెద్దలను కోల్పోయినవి. లీడ్స్ యునైటెడ్ అప్పటికి లీగ్ విజేత. దానిని తీర్చిదిద్దిన డాన్ రెవీ దేశపు జట్టు బాధ్యత స్వీకరించి వెడలిపోయినారు. లివర్‌పూల్ క్లబ్బును 1959 డిసెంబరు నుండి నడిపిన బిల్ షాంక్లీ ఎవరును ఊహింపని విధముగా జూలైలో రాజీనామా ఇచ్చినారు. రెండిండ్లకును ఒకే కష్టము వచ్చినది. రెండిండ్ల పెద్దలును రెండు విధముల ఆలోచించినారు.

లీడ్స్ వారు ఆనాడు అందరి నోట నానుచున్న బ్రయన్ క్లఫ్‌ను పిలిచినారు. ఆయన ప్రతిభను శంకింప వలనుపడదు. డెర్బీ కౌంటీ వంటి క్లబ్బును లీగ్ విజేతగా నిలిపిన ఘనుడాయన. కాని లీడ్స్ ఆటతీరును ఏండ్ల తరబడి పత్రికలలో తూలనాడిన వ్యక్తియును ఆయనయే. ఆ ఆటగాండ్రకే ఆయన పెద్ద అయినాడు! వారు గెలిచిన పతకములు న్యాయముగా గెలిచినవి కావనియు, వానిని చెత్తబుట్టలో పారవేయవలెననియు వారి ముఖము మీదనే చెప్పినట్లు ప్రసిద్ధి. పైగా ఆయనకు కుడిభుజమువంటి సహాయకుడు పీటర్ టేలర్ ఆయనతో లీడ్స్‌కు రాలేదు. ఫలితము లోకవిదితమే. నలుబది నాలుగు రోజులకే క్లఫ్ పదవి పోయినది.

దీనినిబట్టి క్లఫ్ అసమర్థుడనవచ్చునా? అట్లనుట పెద్ద పొరపాటు. ఆ మరుసటి జనవరిలో ఆయన రెండవ శ్రేణిలో కూరుకొనియున్న నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌లో చేరినారు. టేలర్ 1976లో ఆయనతో కలిసినారు. ఆ క్లబ్బు 1978లో లీగ్‌ను, 1979లోను 1980లోను యూరోపియన్ కప్పును గెలుచుకొన్నది. మనిషి ఒక్కడే, ఇల్లు మారినది. ఒక ఇంట నలుబది నాలుగు రోజులు నిలువలేనివాడు మరియొక ఇంట చరిత్ర సృష్టించినాడు. కనుక "మంచి శిక్షకుడెవరు?" అన్న ప్రశ్నకు అర్థము లేదు. "మా ఇంటికి తగిన శిక్షకుడెవరు?" అన్న ప్రశ్నకే అర్థము కలదు.

లివర్‌పూల్ వారు ఏమి చేసినారు? దూరపు పేర్ల కొరకు వెదకలేదు. షాంక్లీ ప్రక్కన పదునైదేండ్లుగా పనిచేయుచున్న బాబ్ పైస్లీ వైపు చూచినారు. ఆయన 1939లో ఆటగాడుగా ఆ క్లబ్బులో అడుగిడిన వ్యక్తి. తరువాత గాయములకు చికిత్స చేయువాడుగా, శిక్షకుడుగా, సహాయకుడుగా అన్ని మెట్లును ఎక్కినవాడు. మాటకారి కాడు. ఆ పదవి తనకు వలదని వెనుకాడినాడు కూడ. బలవంతముగా కూర్చుండబెట్టిన ఆ మితభాషి తొమ్మిదేండ్లలో ఆరు లీగ్ విజయములు, మూడు యూరోపియన్ కప్పులు తెచ్చిపెట్టినాడు. ఆయన దిగిపోయిన 1983లో మరల ఆ గదిలోని జో ఫాగన్‌నే పిలిచినారు. ఆయన మొదటి యేడే మూడు కప్పులు గెలిచినారు. ఆటగాండ్ర బూట్లు దాచుకొను చిన్న గదిలో కూర్చుండి ఈ సహాయకులందరు ప్రతి ఆటను గురించి చర్చించుకొనెడివారు. ఆ గదియే ఆ క్లబ్బునకు విశ్వవిద్యాలయమైనది. లీడ్స్‌కు లేనిది, లివర్‌పూల్‌కు ఉన్నది ఆ గది ఒక్కటే అన్నచో అతిశయోక్తి కాదు.

"ఇది పాతకాలపు ముచ్చట, నేడు చెల్లదు" అనువారుందురు. వారి కొరకు ఇటీవలి రెండు ఎన్నికలను చూతము.

2013 మే 8వ తేదీన మాంచెస్టర్ యునైటెడ్ శిక్షకుడు అలెక్స్ ఫెర్గూసన్ తన విరమణను ప్రకటించినారు. 1986 నవంబరు నుండి ఇరువదియారేండ్లకు పైగా ఆ క్లబ్బును ఏలి, పదమూడు లీగ్ విజయములు సాధించిన మహానుభావుడాయన. మరునాడే, అనగా మే 9న, క్లబ్బు వారు డేవిడ్ మోయస్ పేరు ప్రకటించినారు. ఇరువదియారేండ్ల తరువాత వచ్చిన ఎన్నిక ఒక్క రోజులో ముగిసినది! వెడలిపోవుచున్న పెద్ద తన వారసుని తానే సూచించగా, మిగిలినవారు తలయూపినారు. ఆరేండ్ల ఒప్పందము వ్రాసి ఇచ్చినారు. పది నెలలు గడచినవి. 2014 ఏప్రిల్ 22న మోయస్‌ను తొలగించినారు. ముందటి యేడు విజేతగా నిలిచిన జట్టు ఆ యేడు ఏడవ స్థానమున నిలిచినది.

మోయస్ మీద రాళ్ళు వేయుట సులభము. కాని ఆ వేసవిలో జరిగిన ఇతర మార్పులను గమనింపుడు. క్లబ్బు వ్యవహారములను ఏండ్ల తరబడి నడిపిన ముఖ్య కార్యనిర్వాహకుడు డేవిడ్ గిల్ సైతము అప్పుడే తప్పుకొన్నారు. ఆయన స్థానములోనికి వచ్చిన ఎడ్ వుడ్‌వర్డ్ వాణిజ్య వ్యవహారములు ఎరిగినవారే గాని ఆటగాండ్ర కొనుగోలునకు కొత్తవారు. ఫెర్గూసన్ క్రింద పనిచేసిన సహాయక శిక్షకులను మోయస్ ఉంచుకొనలేదు. తన పాత క్లబ్బునుండి తనవారిని తెచ్చుకొన్నారు. ఇల్లు నిలిపిన స్తంభములు మూడు: మైదానములో పెద్ద, ఆయన చుట్టు సహాయకులు, కార్యాలయములో అనుభవశాలి. ఆ మూడును ఒకే వేసవిలో తీసివేసి, కప్పు కూలిన పిమ్మట క్రొత్తగా వచ్చినవానిని దోషిగా నిలిపినారు. ఇది న్యాయమా? పాఠకులే చెప్పవలెను.

ఆ తరువాతి కథ మరింత విచారకరము. వాన్ గాల్ వచ్చినారు; 2016లో ఎఫ్.ఏ. కప్పు గెలిచిన రెండు రోజులకే పోయినారు. బంతిని తమ వద్దనే ఉంచుకొనుట ఆయన పద్ధతి. ఆయన వెనుక వచ్చిన మొరీన్యో పద్ధతి కాచుకొని ఎదురుదెబ్బ తీయుట. తరువాత క్లబ్బు పాత బిడ్డ సోల్‌షేర్ వచ్చినారు. పిమ్మట టెన్ హాగ్. ఒకరి కొరకు కొన్న ఆటగాండ్రు మరియొకరికి పనికిరాలేదు. 2024 మేలో టెన్ హాగ్ ఎఫ్.ఏ. కప్పు గెలువగా, ఉంచవలెనా తీయవలెనా అని పెద్దలు వారముల తరబడి తర్జనభర్జన పడి, జూలైలో ఒప్పందమును పొడిగించి, అక్టోబరు 28న తొలగించినారు. నాలుగు నెలలైనను నిండని నమ్మకమును నమ్మకమందుమా? 2013లో ఫెర్గూసన్ తెచ్చిన లీగ్ విజయము తరువాత 2025 సీజన్ ముగియువరకు ఆ క్లబ్బు మరల లీగ్‌ను గెలువలేదు. ధనమునకు లోపము లేదు, అభిమానులకు లోపము లేదు. లోపమంతయు ఎన్నుకొనుటలోనే.

ఇక రెండవ ఎన్నిక. 2024 జనవరి 26న లివర్‌పూల్ శిక్షకుడు యుర్గెన్ క్లాప్ ఆ సీజను చివర తాను తప్పుకొందునని ప్రకటించినారు. చేతిలో నాలుగు నెలలున్నవి. క్లబ్బు వారు ఏమి చేసినారనగా, మొట్టమొదట శిక్షకుని ఎన్నుకొనలేదు, ఎన్నుకొనువారిని ఎన్నుకొన్నారు. వెనుక తమ వద్ద పనిచేసి వెళ్ళిన మైకేల్ ఎడ్వర్డ్స్‌ను మార్చిలో తిరిగి పిలిచినారు. ఆయన రిచర్డ్ హ్యూస్‌ను క్రీడా సంచాలకుడుగా నియమించినారు. అభిమానులందరు షాబీ అలోన్సో పేరు జపించుచుండిరి. ఆయన మార్చి చివర తాను జర్మనీలోని తన క్లబ్బులోనే ఉందునని చెప్పివేసినారు. ఎన్నికదారులు కంగారుపడలేదు. ఉన్న ఆటగాండ్రకు, అలవడిన ఆటతీరునకు సరిపడువాడెవడని లెక్కలు చూచి, హాలండులోని ఫేయెనూర్డ్ శిక్షకుడు ఆర్నే స్లాట్‌ను తెచ్చినారు. ఇంగ్లండు వీధులలో ఆ పేరు అప్పటికి ఎందరికో తెలియదు. క్లాప్ సహాయకులు కూడ వెడలిపోయినారు, నిజమే. కాని కార్యాలయపు స్తంభమును ముందే నిలబెట్టుకొనియున్నారు. క్రొత్త ఆటగాండ్రను దాదాపు కొనకయే, ఉన్నవారితోనే స్లాట్ 2025 ఏప్రిల్ 27న లీగ్ విజయమును ఖాయము చేసినారు. అది ఆ క్లబ్బునకు ఇరువదియవ లీగ్ విజయము.

ఇచట ఒక మాట దాచకుండ చెప్పవలెను. ఆ మరుసటి శరదృతువులో అదే స్లాట్ క్రింద అదే క్లబ్బు వరుసగా ఓటములు చవిచూచినది. వేసవిలో ధనము కుమ్మరించి పలువురు క్రొత్తవారిని తెచ్చి జట్టు స్వరూపమును మార్చిన తరువాతనే ఇది సంభవించినది. కనుక మంచి ఎన్నిక శాశ్వత విజయమునకు హామీపత్రమని మేము వాదించుట లేదు. మంచి ఎన్నిక మంచి ఆరంభమును మాత్రమే ఇచ్చును. ఆ పైని ప్రతి వేసవియు మరల ఒక పరీక్షయే.

ఇంతవరకు సముద్రములకావలి సంగతులు చెప్పితిమి. ఇంగ్లండు క్లబ్బుల కథలతో మనకేమి పని యని పాఠకులు అడుగవచ్చును. మన హైదరాబాదు నగరమునకు ఈ విషయములో మాటాడు హక్కు ఇతరులకంటె ఎక్కువయే కలదు. ఏలయన, ఒక శిక్షకుడు లభించినపుడు ఏమగునో, ఆయన పోయిన తరువాత వారసుని సిద్ధము చేయనపుడు ఏమగునో, రెండును కనులార చూచిన నగరమిది.

సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్ 1909లో ఈ నగరముననే జన్మించినారు. ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు. వృత్తిరీత్యా బడిపంతులు; కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలగు పాఠశాలలలో పాఠములు చెప్పినవారు. అట్టి ఉపాధ్యాయుని చేతిలో 1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును పెట్టినారు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు మార్లు బొంబాయిలో రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. ఆయన ఉపాధ్యాయ లక్షణము మైదానములోను విడువలేదు. బలహీనమైన కాలితోనే ఆడవలెనను నియమముతో పోటీలు, బంతిని త్రిప్పుకొనుచు పరుగిడరాదను నియమముతో పోటీలు పెట్టి పిల్లలకు నేర్పినారు. సికింద్రాబాదు నుండి మైదానమునకు రాలేని పేద బాలుడు తులసీదాస్ బలరామ్‌కు సైకిలు అద్దె నిమిత్తము రోజునకొక రూపాయి తన జేబునుండి ఇచ్చెడివారని చెప్పుదురు. ఆ బాలుడే తరువాత భారతదేశపు మేటి ఆటగాండ్రలో ఒకడైనాడు.

రహీమ్ సాబ్ శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణము గెలిచినది. మరుసటి యేడు హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో చిత్తుగా ఓడినది. మన ఆటగాండ్రు పలువురు బూట్లు లేకుండ ఆడిన ఆట అది. ఆ రాత్రి చాయ్ బల్లల చుట్టు "కోచ్‌ను మార్చవలె" అన్నవారు లేకపోలేదనియే మా ఊహ. పది గోల్స్ తిన్న శిక్షకుని ఏ కార్యవర్గము క్షమించును? అయినను పెద్దలు ఆయనను శాశ్వతముగా వదలుకొనలేదు. ఆ ఓటమి తరువాత బూట్లు తప్పనిసరియైనవి; ఆటతీరు మారినది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలకు జట్టును మరల ఆయన చేతిలోనే పెట్టినారు. ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి నాలుగవ స్థానమున నిలిచినారు. నూర్ మొహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, బలరామ్ వంటి మన నగరపు బిడ్డలు ఆ జట్టులో నుండిరి.

ఇక 1962 జకార్తా. మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 2–0 ఓటమి. రక్షణలో ఆడు జర్నైల్ సింగ్‌కు తలకు గాయమై కుట్లు పడినవి. రహీమ్ సాబ్ ఆయనను ఇంటికి పంపలేదు. ముందు వరుసలో సెంటర్ ఫార్వర్డ్‌గా నిలిపినారు. సెప్టెంబరు 4న జరిగిన ఆఖరి ఆటలో అదే కొరియాను 2–1తో ఓడించినపుడు ఒక గోల్ పి.కె. బెనర్జీది, మరియొకటి ఆ జర్నైల్ సింగ్‌దే. ఈ పోరాటమంతయు సాగునాటికి ఆ గురువు దేహమును క్యాన్సరు తినివేయుచున్నది. 1963 జూన్ 11న ఆయన కనుమూసినారు. ఆనాటి నుండి నేటివరకు ఆసియా క్రీడలలో భారత ఫుట్‌బాల్ జట్టునకు స్వర్ణము లేదు.

మా హృదయమున ముల్లువలె నాటుకొన్న సంగతి ఇదియే. అంతటి గురువు ఈ నగరములో ఇన్నేండ్లు పాఠము చెప్పినారు. ఆయన పాఠమును వ్రాసి దాచినవారు, ఆయన ప్రక్కన కూర్చుండి నేర్చి ఆ కుర్చీని అందుకొనుటకు సిద్ధపడినవారు ఎందరు? సయ్యద్ నయీముద్దీన్ వంటి శిష్యతరము వారు తరువాత భారత జట్టునకు శిక్షకులైన మాట వాస్తవము. కాని వారి పని ఎక్కువగా ఇతర నగరములలోనే సాగినది. లివర్‌పూల్‌లోని బూట్ల గది వంటి గది ఇచ్చట ఏర్పడలేదు. 1965–66లో మన రాష్ట్రము సంతోష్ ట్రోఫీ గెలిచినది. అది పాత విత్తుల పంట. 2024 డిసెంబరు 31న ఆ ట్రోఫీ ఆఖరి ఆట మన గచ్చిబౌలి మైదానములోనే జరిగినది. ఆడినవారు బెంగాలువారు, కేరళవారు. మైదానము మనది, దీపములు మనవి, ఆట మాత్రము ఇతరులది. చప్పట్లు కొట్టి వచ్చితిమి. చప్పట్లు కొట్టుటలో తప్పు లేదు. కాని తిరిగివచ్చు దారిలో ఎవరమును పెద్దగా మాటాడుకొనలేదు.

కొలది ఏండ్ల క్రిందట మరల ఒక ఆశ మెరసినది. 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. అను వృత్తి క్లబ్బు ఏర్పడినది. మొదటి సీజనులో పట్టికలో అట్టడుగున నిలిచినది. శిక్షకుని మధ్యలోనే మార్చినది. 2020లో స్పెయిన్ దేశీయుడు మనోలో మార్కెజ్ వచ్చినారు. ఆయన ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో వంటి యువకులను నమ్మి ఆడించినారు. మొదటి యేడు ఐదవ స్థానమే దక్కినది. క్లబ్బు వారు ఓపిక పట్టినారు. 2022 మార్చి 20న గోవాలో కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ విజేతలైనారు. ఎంచదగిన ఎన్నిక, తగిన ఓపిక, అందుకు తగిన ఫలము! కాని 2023లో ఆయన గోవాకు వెడలిపోయినారు. ఆర్థిక చిక్కులు చుట్టుముట్టినవి. విదేశీ ఆటగాండ్రు వెడలినారు. మరుసటి సీజనులో జట్టు మరల అట్టడుగునకు జారినది. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయినది. శిక్షకుడెంత మంచివాడైనను పునాది లేని ఇంటిని భుజముల మీద మోయలేడనుటకు ఇంతకంటె నిదర్శనము కావలెనా?

ఇక స్వదేశీయుడా, విదేశీయుడా అను చర్చ మన దేశమున తరచుగా వినవచ్చును. ఇండియన్ సూపర్ లీగ్ 2014లో మొదలైనను, ఒక భారతీయునికి పూర్తి బాధ్యతతో ప్రధాన శిక్షకుని పదవి లభించుటకు 2021 వరకు ఆగవలసి వచ్చినది. ఆ భారతీయుడు, 2017లో చిన్న పట్టణపు ఐజాల్ జట్టును ఐ-లీగ్ విజేతగా నిలిపిన ఖాలిద్ జమీల్. 2025 ఆగస్టులో భారత జట్టు శిక్షక పదవికి నూటడెబ్బది దరఖాస్తులు రాగా, సమాఖ్య ఆయననే ఎన్నుకొన్నది. మార్కెజ్ విదేశీయుడు, మన యువకులను నమ్మినాడు. రహీమ్ సాబ్ స్వదేశీయుడు, హంగేరీవారి ఆటను చూచి నేర్చినాడు. కనుక పాస్‌పోర్టు రంగు చూచి శిక్షకుని కొలువరాదు. నేర్పగలడా, నేర్చుకొనగలడా అను రెండే కొలతలు చాలును. అయితే దగ్గర ఉన్న దీపమును చూడకయే దూరపు నక్షత్రముల కొరకు వెదకు అలవాటును మాత్రము మానుకొనవలెను.

ఓపిక పట్టుడనుట గ్రుడ్డి నమ్మకము నుంచుడనుట కాదు. ఓడుచున్న శిక్షకుని ఎంతకాలము భరింపవలెనని అడుగుట న్యాయమే. ఇందుకు ఫెర్గూసన్ ఉదంతమే సమాధానము. 1986లో వచ్చిన ఆయనకు మొదటి కప్పు 1990 మేలో గాని లభింపలేదు. అంతవరకు అభిమానులు ఎంతగా అరచినను క్లబ్బు పెద్దలు ఆగినారు. ఊరక ఆగలేదు. ఆయన ఊరూర బాలురను వెదికించుట, యువ జట్లను తీర్చుట కనులార చూచుచు ఆగినారు. ఆ బాలురే 1992లో యువజన కప్పు గెలిచి, తరువాతి దశాబ్దమునకు వెన్నెముకలైరి. కనుక స్కోరును మాత్రమే చూచి తీర్పు చెప్పువాడు లెక్కల గుమాస్తా. పని సాగుచున్నదా లేదా అని చూచి తీర్పు చెప్పువాడే కార్యవర్గ సభ్యుడు. ఒప్పుకొన్న పని జరుగుచున్నచో ఓటమిని ఓర్వవలెను. పని జరుగనిచో విజయములో నుండగనే ప్రశ్నింపవలెను.

ఇంతవరకు చెప్పినదానిని క్లుప్తముగా కూర్చినచో, క్లబ్బు పెద్దలు తమ్ము తాము అడుగుకొనవలసిన ప్రశ్నలు నాలుగు. మా ఆటగాండ్రు ఎటువంటివారు, మా ఆటతీరు ఏది? క్రొత్తవాడు వచ్చునపుడు మా ఇంట ఏ స్తంభము కదలక నిలుచును? ఏ పని జరిగినచో ఎంతకాలము ఆగుదుము? ఈనాడు ఎన్నుకొనుచున్నవాని తరువాత వచ్చువాడు ఏ గదిలో నేర్చుకొనుచున్నాడు? ఈ నాలుగింటికి సమాధానము వ్రాసి బల్లమీద పెట్టిన తరువాతనే పేర్ల పట్టీ తెరువవలెను. అపుడు ఆ పట్టీలోని పేర్లు పదినుండి రెండునకు తామే తగ్గును.

చివరిగా మా కళాశాల కార్యవర్గము వారికి ఒక విన్నపము. మనది వృత్తి క్లబ్బు కాదు. మన వద్ద కోట్ల ధనము లేదు. కాని మన మైదానములోను ప్రతి యేడు అంతర్ కళాశాలల పోటీ జరుగును. ప్రతి ఓటమి వెనుక శిక్షకుని, నాయకుని మార్చవలెనను మాట వినవచ్చును. దయయుంచి ఒక్క పోటీని చూచి ఎవరిని మార్పకుడు. శిక్షణ ఇచ్చువారికి మూడేండ్ల గడువును, చేయవలసిన పనిని వ్రాతమూలకముగా ఇప్పించుడు. ఈ మైదానములో ఆడి పట్టభద్రులై వెళ్ళిన పూర్వ విద్యార్థులలో ఒకరినో ఇద్దరినో ఆయన ప్రక్కన సహాయకులుగా కూర్చుండబెట్టుడు. ఖర్చు స్వల్పము, ఫలము దీర్ఘము. మన నగరమునకు అంతటి కీర్తి తెచ్చిన వ్యక్తి ఒక బడిపంతులు అను సంగతిని విద్యాసంస్థ కాక మరెవరు జ్ఞాపకముంచుకొనవలెను?

విద్యార్థి మిత్రులకును ఒక మాట. ఈసారి మన జట్టు ఓడిన సాయంకాలము చాయ్ బల్ల చుట్టు చేరినపుడు, పేర్లు చెప్పుటకు ముందు "మనకు కావలసినదేమి?" అని మనలో ఒక్కడైనను అడుగవలెను. ఆ అడుగువాడు మేమే కావలెనని ఈ వ్యాసము వ్రాయుచు మేము నిశ్చయించుకొంటిమి.